లోవరాజు గారి జానెడు

రండమ్మా, రండి. ఇంకొంచెం ముందుకు జరగండి. మరీ వెనక్కి కూర్చుంటే నవ్వు మీ దాకా వచ్చేసరికి చల్లారిపోతుంది. ఆ చాప ఇటు లాగండి, బామ్మగారికి గోడ పక్కన చోటివ్వండి. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. అందరూ వచ్చినట్టేనా? అయితే ఒక్కసారి చేతులు జోడించండి. నీళ్ళలో మునిగిపోయేదాన్ని కాపాడటానికి తానే చేపై పుట్టిన స్వామికి దండం పెట్టుకోండి. ఇవాళ్టి కథ చేపది మరి. చేపదంటే చేపది కాదు, దాన్ని పట్టబోయినవాళ్ళది.

గోదారి పాయ పక్కన గుర్రపులంక అనే ఊళ్ళో తాతబ్బాయి అని ఒకాయన ఉండేవాడు. ఇంట్లో నలుగురు. తాతబ్బాయి, భార్య భూషణం, పెళ్ళికాని తమ్ముడు గవర్రాజు, వాళ్ళమ్మ మాణిక్యమ్మ. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని తాతబ్బాయికి గట్టి నమ్మకం. మిగతా వాళ్ళకి లేదే అని జాలి కూడా.

నమ్మకానికి కారణం లేకపోలేదు. ఆ మధ్య మాణిక్యమ్మకి జ్వరం తగిలింది. డాక్టరు వచ్చి చూసి, "తగ్గేదాకా ఆవిణ్ణి గుమ్మం దాటనివ్వకండి" అన్నాడు. కానీ పెరట్లోకి వెళ్ళకుండా మనిషి ఎన్నాళ్ళుంటుంది? వేరే ఇల్లయితే కంగారు పడేవాళ్ళు. తాతబ్బాయి పడలేదు. మూడు వారాల పాటు పూటకి రెండుసార్లు, అన్నదమ్ములిద్దరూ తల్లిని కిటికీలోంచి బయటికి దింపారు, కిటికీలోంచే లోపలికి తీసుకున్నారు.

"ఒక్కసారైనా గుమ్మం దాటిందా? దాటలేదు" అని వీధి అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పుకున్నాడు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యాలంటే బుర్ర ఉండాలండీ."

ఆ ఆదివారం పొద్దున్న డాక్టరు వచ్చి నాడి చూసి, జ్వరం పూర్తిగా పోయిందన్నాడు. ఇంక గుమ్మం దాటొచ్చన్నాడు, నోటికి రుచైనదేదైనా పెట్టమన్నాడు. మాణిక్యమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఒరే పెద్దోడా! మూడు వారాలు జావ తాగి తాగి నా నాలుక మీద నాచు పట్టేసిందిరా. పొద్దు వాలేలోగా నాకింత శీలావతి చేప పులుసు పెట్టారా, సరే. లేదా, మూట కట్టుకుని మా తమ్ముడింటికి పోతాను. మళ్ళీ ఈ ఇంటి మొహం చూడను."

అమ్మ అన్నదంటే చేస్తుంది. అమ్మ లేని ఇల్లు తల్చుకుంటేనే తాతబ్బాయికి కళ్ళు చెమ్మగిల్లాయి.

"భూషణం! మసాలా నూరు. ఒరే గవర్రాజూ! గాలం తియ్యి."

అంతే. అన్నదమ్ములిద్దరూ కొంగలమడుగుకి బయల్దేరారు.

కొంగలమడుగు ఊరి సొసైటీది. ఆదివారం పూట ఎవరైనా సరదాగా గాలం వేసుకోవచ్చు. కాకపోతే మడుగు చూసుకునే లోవరాజు గారి మాట వినాలి. వినకపోతే గాలం రెండు ముక్కలు చేసి చేతిలో పెడతాడు, ఏడాదిపాటు గట్టెక్కనివ్వడు. మంచివాడే, మడుగంటే ప్రాణం.

"ఏం తాతబ్బాయ్, అమ్మకెలా ఉంది?" అన్నాడు లోవరాజు గారు.

"బానే ఉందండీ. పులుసు అడుగుతోందండీ."

"పట్టుకెళ్ళండి, దానికేం. కానీ ఓ మాట. జానెడు లేని చేపని ఇంటికి తీసుకెళ్ళకూడదు" అని తన కుడిచెయ్యి చాచి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చూపించాడు. "ఇదిగో, ఈ జానెడు. అంతకన్నా చిన్నది పడితే మెల్లగా కొక్కెం తీసి, ఎక్కడ పట్టారో అక్కడే నీళ్ళలో వదిలెయ్యండి. రేపు పెరిగి పెద్దదై మళ్ళీ మీ గాలానికే వస్తుంది. చేపని ముట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీద జిగురు పోయి జబ్బు చేస్తుంది దానికి. మీరు తినేంతే పట్టండి. పట్టింది పారెయ్యకండి. తెలిసిందా?"

"తెలియకపోవడమేంటండీ! తెలివున్న ఇల్లు మాది" అన్నాడు తాతబ్బాయి, కాస్త నొచ్చుకుని.

గాలం వేశారు. చేప ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు? పడేసరికి చేతులు తడిగా ఉండాలి కదా! గవర్రాజు నీళ్ళంచున బోర్లా పడుకుని, రెండు చేతులూ మోచేతుల దాకా మడుగులో పెట్టేశాడు. ఇంకేముంది, కర్ర పట్టుకోవడం, ఎర గుచ్చడం, నీళ్ళ మీద తేలే బెండు చూడటం, అన్నీ తాతబ్బాయికే.

కాసేపటికి గవర్రాజు ముక్కు మీద ఈగ వాలింది.

"అన్నయ్యా, ఈగ!"

"తోలుకోరా."

"చేతులు తీస్తే ఆరిపోతాయి. నువ్వు కొట్టు."

తాతబ్బాయి చెయ్యి ఎత్తి, ఆగిపోయాడు. "నాది పొడి చెయ్యిరా. కొడితే నీ ముక్కు జిగురు పోతుంది. ఉండు." వంగి చెయ్యి తడుపుకున్నాడు. తడి చేత్తో తమ్ముడి ముక్కు మీద ఫెడీల్మని ఒక్కటిచ్చాడు. ఈగ ఎగిరిపోయింది. గవర్రాజు కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"జబ్బు చెయ్యలేదు కదా?" అన్నాడు తాతబ్బాయి.

"లేదన్నయ్యా, తడిగానే తగిలింది."

ఇంతలో బెండు మునిగింది. లాగితే వేలెడు శీలావతి పిల్ల. వెండి ముక్కలా మెరుస్తోంది. గవర్రాజు తడి చేతుల్తో దాన్ని పువ్వు పట్టుకున్నట్టు పట్టుకుని, కొక్కెం తీసి, బకెట్టు నీళ్ళలో వేశాడు.

"జానెడు ఉంటుందంటావా?" అన్నాడు.

తాతబ్బాయి తన జాన చాచబోయి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఆయనేమన్నాడు? 'ఈ జానెడు' అని తన చెయ్యి చూపించాడు. నా చెయ్యి చూపించాడా? కొలిస్తే ఆ చేత్తోనే కొలవాలి."

అంతే. బకెట్టు మోసుకుంటూ మడుగు చుట్టూ సగం తిరిగి, అవతలి గట్టున పడవ బాగుచేసుకుంటున్న లోవరాజు గారి దగ్గరికి పోయారు.

"మీ చెయ్యి కావాలండీ."

ఆయన బకెట్టులోకి చూసి నవ్వాడు. "ఇది పసిగుడ్డురా బాబూ. వదిలెయ్యండి."

మళ్ళీ అంత దూరం వెనక్కి వచ్చారు. ఎక్కడ పట్టారో అక్కడ వదలాలి. పట్టింది గట్టున కాదు, బెండు ఉన్న చోట. బెండు మడుగులోకి ఇరవై అడుగుల దూరాన తేలుతోంది. గవర్రాజుకి ఈత రాదు. అయినా రెండు అరచేతుల్లో నీళ్ళు పట్టి, అందులో ఆ పిల్లని పెట్టుకుని దిగాడు. మోకాళ్ళు, నడుము, ఛాతీ, మెడ. గడ్డం పైకెత్తి, కాలివేళ్ళ మీద నిలబడి, బెండు పక్కన చేతులు మెల్లగా ముంచి విప్పాడు. అది ఒక్క క్షణం గవర్రాజు వేళ్ళ మధ్యే ఆగింది, ఎటు వెళ్ళాలో తెలియనట్టు. తర్వాత తోక విదిల్చి చల్లగా వెళ్ళిపోయింది.

"వెళ్ళిందన్నయ్యా!" అని గవర్రాజు ఆనందంగా చేతులెత్తాడు. ఎత్తగానే బుడుంగున మునిగాడు. తాతబ్బాయి గాలం కర్ర చాచి, చొక్కా కాలరుకి తగిలించి గట్టుకి లాగాడు.

రెండో చేపా చిన్నదే. మళ్ళీ మడుగు చుట్టూ పరుగు, మళ్ళీ లోవరాజు గారి చెయ్యి, మళ్ళీ మెడలోతు నీళ్ళు. మూడోసారి వెళ్ళేసరికి లోవరాజు గారు అల్లంత దూరాన చెట్టు నీడన కూర్చుని చద్దన్నంలో ఆవకాయ కలుపుకుంటున్నాడు.

"చెయ్యండీ" అన్నారు ఇద్దరూ.

"ఈ చెయ్యి ఇప్పుడు ఖాళీ లేదురా నాయనా!" ఆయన ఎడంచేత్తో కానుగ పుల్ల ఒకటి తీసుకుని, కుడిచేతి జాన పక్కన పెట్టి, సరిగ్గా అంత ఉండేలా విరిచి ఇచ్చాడు. "ఇదిగో. ఇదే నా జానెడు అనుకోండి. దీంతో కొలుచుకోండి. నన్ను మాత్రం వదిలెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు.

"వదలమంటున్నాడ్రా."

"పొద్దున్న ఈయన్ని ఎక్కడ పట్టాం అన్నయ్యా?"

"పడవ దగ్గర."

ఇంకేముంది! చేతులు తడుపుకుని, లోవరాజు గారిని చెరో రెక్కా పట్టుకుని, కంచంతో సహా నడిపించుకెళ్ళి పడవ పక్కన మెల్లగా వదిలారు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోవడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయాడు.

ఆ పుల్లతో కొలిస్తే మూడో చేపా చిన్నదే, దాన్నీ వదిలేశారు. పుల్లని తాతబ్బాయి కళ్ళకద్దుకుని తలపాగాలో దోపుకున్నాడు. పుల్లంటే పుల్లా అది, లోవరాజు గారి చెయ్యి!

సూర్యుడు నడినెత్తికొచ్చాడు. ఇంట్లో అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. తాతబ్బాయి కళ్ళు మూసుకుని, "స్వామీ, ఒక్కటి. మా అమ్మ కోసం ఒక్కటి" అని మొక్కుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి గాలం కర్ర విల్లులా వంగింది. ఇద్దరూ కలిసి లాగితే, అబ్బ, ఏం శీలావతి! పుల్ల పెట్టి కొలిచారు. రెండు జానలు, పైన నాలుగు వేళ్ళు.

లోవరాజు గారే వచ్చి చూసి మెచ్చుకున్నాడు. "భేష్! నలుగురికీ చాలు. ఇంక గాలం చుట్టెయ్యండి. వెళ్ళేముందు మాత్రం మీవేవీ ఇక్కడ వదిలిపోకండి. దారం ముక్క వదిలినా కొంగల కాళ్ళకి చుట్టుకుంటుంది. చేపకి ఎండ తగలనివ్వకండి, పాడైపోతుంది. అమ్మకి వేడివేడిగా పెట్టండి."

"ఆయ్" అన్నారు.

దారం చుట్టారు. కొక్కేలు లెక్కపెట్టుకున్నారు. ఎర డబ్బా తీసుకున్నారు. బయల్దేరబోతూ గవర్రాజు వెనక్కి తిరిగి కెవ్వుమన్నాడు.

"అన్నయ్యా! మన అడుగులు!"

చూస్తే తడి గట్టు నిండా వాళ్ళ పాదాల అచ్చులే. మీవేవీ వదలొద్దన్నాడు కదా! ఇద్దరూ కూర్చుని ఒక్కో అడుగునీ మట్టితో సహా పెకలించి కండువాలో వేసుకున్నారు. వేసుకుని లేచి నాలుగడుగులు నడిచి చూస్తే వెనక ఇంకో నాలుగు. అవీ పెకలించారు. మళ్ళీ నాలుగు. చివరికి తాతబ్బాయే ఉపాయం కనిపెట్టాడు. ఇద్దరూ గడ్డి మీదికి దొర్లుకుంటూ పోయారు. పాదాలు ఆనలేదు కాబట్టి అచ్చులు పడలేదు. ఒళ్ళంతా బురద. అయితేనేం, లోవరాజు గారి మాట నిలబడింది.

ఇక ఎండ. చేప ఉన్న బకెట్టు పైన తడిగోనె కప్పారు. కానీ గోనెకి చిల్లులు. చిల్లుల్లోంచి ఎండ!

"నా నీడలో పట్టుకు నడువు" అన్నాడు తాతబ్బాయి.

మిట్టమధ్యాహ్నం. నీడ ఎక్కడుంది? కాళ్ళ కిందుంది. అంతే. తాతబ్బాయి కాళ్ళు ఎడంగా పెట్టి బాతులా నడిచాడు. ఆ కాళ్ళ మధ్య గవర్రాజు మోకాళ్ళ మీద పాకుతూ బకెట్టు తోసుకుంటూ వచ్చాడు. అరగంట దారి రెండు గంటలు పట్టింది. దారిన పోయేవాళ్ళు నవ్వుతుంటే తాతబ్బాయి జాలిపడ్డాడు. పాపం, వీళ్ళెవరికీ చేపని నీడపట్టున తెచ్చుకోవడం చేతకాదు.

ఇంటికొచ్చేసరికి మాణిక్యమ్మ పక్కన మూట సిద్ధంగా ఉంది.

"వచ్చారా? ఇంకా పొద్దుంది. కానివ్వండి."

భూషణం చెయ్యి తిరిగిన మనిషి. చేపని శుభ్రంగా కడిగింది. పొలుసు, పేగులు వృథా పోకుండా బీరపాదు మొదట్లో పాతింది. పదకొండు ముక్కలు కోసి ఉప్పూ పసుపూ పట్టించింది. పొయ్యి మీద చింతపండు పులుసు కుతకుతలాడుతోంది. వాసనకి మాణిక్యమ్మ మంచం మీద ఓ జానెడు ముందుకు జరిగింది.

ముక్కలు పులుసులో వెయ్యబోతుంటే తాతబ్బాయి వంటింట్లోకొచ్చాడు. ముక్కల గిన్నెలోకి చూశాడు. మొహం పాలిపోయింది. తలపాగాలోంచి లోవరాజు గారి చెయ్యి తీశాడు. ఒక్కో ముక్క పక్కనా పెట్టి కొలిచాడు.

"కొంప మునిగిందే! ఒక్కటి కూడా జానెడు లేదు!"

"ఇందాక రెండు జానలుందని గంతులేశారుగా?" అంది భూషణం.

"ఇందాక ఒక్కటే ఉంది, పెద్దది. ఇప్పుడు చూడు, పదకొండు చిన్నవి. అన్నిటినీ చిన్నవి చేసిందెవరు? నువ్వే!"

భూషణం నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో! నిజమేనండీ. పోనీ, తల కొంచెం పెద్దదిగా ఉంది, అదైనా..."

తలని మళ్ళీ కొలిచారు. జానలో సగం.

"వదిలెయ్యాల్సిందే" అన్నాడు గవర్రాజు.

"ఒరే, పులుసెంతవరకొచ్చింది?" అని అరిచింది మాణిక్యమ్మ.

"పులుసు మరిగిందమ్మా. చేపలే చిన్నవైపోయాయి. వదిలేసి వస్తాం."

ఆవిడకి అర్థమయ్యేలోగా ముగ్గురూ చేతులు తడుపుకుని, గిన్నె పట్టుకుని మడుగుకి పరుగెత్తారు. గవర్రాజు మెడలోతు దిగి పదకొండు ముక్కల్నీ ఒక్కోటిగా వదిలాడు. అవి నేరుగా అడుక్కిపోయాయి.

"ఈదట్లేదే?" అంది భూషణం గట్టు మీంచి.

"ఇప్పుడే కదా వదిలాం. ఒళ్ళు నొప్పులుంటాయి" అన్నాడు తాతబ్బాయి.

చిన్న చేపలు గుంపుగా వచ్చి ముక్కల్ని పొడవడం మొదలెట్టాయి.

"చూశావా, చుట్టాలొచ్చి పలకరిస్తున్నారు. రేపు పెరిగి పెద్దవై మన గాలానికే వస్తాయి. అప్పుడు ఒకటి కాదు, పదకొండు!"

ఆ మాటకి ముగ్గురికీ కొంచెం ధైర్యం వచ్చింది. కానీ పొద్దు వాలుతోంది. అమ్మకేం చెప్పాలి? ఖాళీ గిన్నె పట్టుకుని ఇంటిదారి పట్టారు. తాతబ్బాయి కాళ్ళు ఈడుస్తున్నాయి. మూట, మేనమామ ఇల్లు, ఖాళీ మంచం, అవే కళ్ళ ముందు తిరుగుతున్నాయి.

గుమ్మంలోకి వచ్చి చూస్తే, మాణిక్యమ్మ వేళ్ళు నాక్కుంటోంది! మొహం పున్నమి చంద్రుడిలా ఉంది. మూట విప్పేసి ఉంది. పక్కన ఖాళీ గిన్నె, కంచంలో ముళ్ళు.

"లోవరాజు గారి ఇల్లాలొచ్చి వెళ్ళిందిరా. జ్వరం తగ్గిందని తెలిసి, వాళ్ళింట్లో వండిన పులుసు గిన్నెడు తెచ్చిచ్చింది. చల్లగా ఉండాలి ఆ తల్లి! ఇంక నేనెక్కడికీ పోను. నా కొంప నాకుంది."

తాతబ్బాయి ఆనందంతో తల్లి కాళ్ళ మీద పడబోయాడు. సగం వంగి ఆగిపోయాడు.

"అమ్మా! ఎన్ని ముక్కలు తిన్నావు?"

"ఆరు."

"ఒక్కోటీ ఎంతుంది?"

మాణిక్యమ్మ రెండు వేళ్ళు చూపించింది. "ఇంత."

"కొలిచావా?"

"కొలవడమేంట్రా? నమిలాను."

ఆరు! ఆరు చిన్నవి, తమ ఇంట్లో, అమ్మ కడుపులో! లోవరాజు గారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? గాలం రెండు ముక్కలు. ఏడాది మడుగు ముందు తల ఎత్తుకోలేరు. తెలివైన ఇల్లన్న పేరు పోతుంది.

"వదిలెయ్యాలి" అంది భూషణం మెల్లగా.

"ఎలా వదిలేది? అమ్మలో ఉన్నాయి కదా!"

"అయితే అమ్మతో సహా" అన్నాడు గవర్రాజు.

అంతే! ముగ్గురూ కుండ దగ్గరికి పోయి చేతులు తడుపుకున్నారు. మాణిక్యమ్మని నులకమంచంతో సహా లేపారు. డాక్టరు ఒప్పుకున్నాడు కాబట్టి ఈసారి గుమ్మంలోంచే దాటించారు. ఆవిడ అరుపులు, శాపనార్థాలు. వీధి వీధంతా బయటికొచ్చింది. ఆవిడ తిట్టిన కొద్దీ, "గట్టిగా పట్టుకోకండి, మెల్లగా. జిగురు పోతుంది" అని తాతబ్బాయి మిగతా ఇద్దరినీ హెచ్చరిస్తూనే ఉన్నాడు.

మడుగు గట్టు మీద మంచం దించారు. తల్లిని చెరో పక్కా ఎత్తారు.

"ఒకటి" అన్నాడు తాతబ్బాయి.

"రెండు..."

"ఆగండ్రా సన్నాసుల్లారా!" అని మాణిక్యమ్మ ఉరిమింది. "నన్ను కొలిచారా?"

ముగ్గురూ కొయ్యబారిపోయారు. నిజమే! కొలవలేదు. కొలవకుండా వదలబోయారు. ఎంత పొరపాటు!

గబగబా మంచం మీద పడుకోబెట్టారు. తాతబ్బాయి తలపాగాలోంచి పుల్ల తీసి, పాదాల దగ్గర మొదలెట్టి కొలుచుకుంటూ వచ్చాడు. మోకాలు దాటేసరికే రెండు. నడుముకి నాలుగు. నడినెత్తికి చేరేసరికి ఆరున్నర!

"అమ్మ జానెడు దాటింది!" అని తాతబ్బాయి గట్టిగా ఏడ్చేశాడు. ఆనందం మరి. గవర్రాజు చిందులేశాడు. భూషణం అత్తగారి నుదుట ముద్దు పెట్టుకుంది.

ఈ గోలకి లోవరాజు గారు పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నార్రా ఆవిణ్ణి?"

"ఆరున్నర జానలుందండీ మా అమ్మ!" తాతబ్బాయి పుల్ల పైకెత్తి చూపించాడు. "మీ చెయ్యే కొలిచింది. ఇంటికి తీసుకెళ్ళొచ్చాండీ?"

లోవరాజు గారు ఆవిణ్ణి చూశాడు, ముగ్గురి తడి చేతులూ చూశాడు, మడుగులో తేలుతున్న పసుపు తెట్టు చూశాడు.

"తీసుకెళ్ళండి నాయనా" అన్నాడు చివరికి, కండువాతో నోరు మూసుకుని. "మెల్లగా. ఎండ తగలకుండా."

సాయంత్రపు నీడలు పొడుగ్గా ఉంటాయి కదా. ఈసారి ఎవరూ పాకక్కర్లేకపోయింది. కొడుకులిద్దరి నీడా మంచం మీద, తల్లి మీద, ఇల్లు చేరేదాకా దుప్పటిలా కప్పుకుని ఉంది.

అదండీ కథ. ఇంకా నవ్వుతున్నారా? నవ్వండి, ఆ స్వామి కూడా నవ్వే ఉంటాడు. కానీ లేచి వెళ్ళేముందు ఒక్క పని గుర్తుపెట్టుకోండి. కిటికీ, పాదాల అచ్చులు, పులుసు ముక్కలు, అవన్నీ ఇక్కడే మర్చిపోండి. ఈత రాని గవర్రాజు మెడలోతు నీళ్ళలో నిలబడి, తడి చేతుల్లోంచి వేలెడు పిల్లని మెల్లగా వదిలాడే, అది గుర్తుపెట్టుకోండి. మీ గాలానికి చిన్నది పడినప్పుడు మీరూ అలాగే చెయ్యండి. గట్టంచునే చెయ్యండి, అంత లోతుకి దిగక్కర్లేదు.

మీ అమ్మగారిని మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి. కొలవక్కర్లేదు.